కొట్టేసిన పద్దు

ధ్యాన భాగం: ఎఫెసీయులకు 2:1–10, కొలొస్సయులకు 2:13–15, మత్తయి 18:21–35

బీదర్‌లో బయల్దేరి భాల్కీ దాటి ఉద్గీర్ వైపు పోయే రైలు, మహారాష్ట్రలో అడుగుపెట్టే ముందు కమలనగర్‌లో ఆగుతుంది. కన్నడం, మరాఠీ, ఉర్దూ, తెలుగు నాలుగూ చెవిన పడే సరిహద్దు ఊరు. 1956 నవంబరు 1న పాత బీదర్ జిల్లాను భాషల లెక్కన మూడు ముక్కలు చేశారు. ఉద్గీర్ బొంబాయి రాష్ట్రానికి పోయింది. జహీరాబాద్, నారాయణఖేడ్ ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి. కమలనగర్, భాల్కీ, ఔరాద్ మైసూరులో కలిశాయి. అంతకుముందు అందరూ హైదరాబాద్ రాజ్యం కిందివారే. మాట్లాడే భాష ఏదైనా పేదవాడి బతుకు మాత్రం ఆ మూడు ముక్కల్లోనూ ఒక్క తీరుగానే ఉండేది. ఎవరి ఖాతా పుస్తకంలోనో అతను ఒక పద్దు.

ఆ ఏర్పాటును హైదరాబాద్ రాజ్యంలో భాగేలా అనేవారు. బిడ్డ పెళ్లికో, చావు ఖర్చుకో, కరువు ఏడాది జొన్నలకో ఒకడు షావుకారు దగ్గరో దొర దగ్గరో కొంత సొమ్ము తెచ్చుకుంటాడు. తాకట్టు పెట్టడానికి భూమి లేదు, బంగారం లేదు. ఒంటినే తాకట్టు పెడతాడు. తెల్లారకముందే దొర పశువుల కొట్టంలో ఉండాలి. పేడ తీయాలి, మోట తోలాలి, చేను కాయాలి. చేసిన చాకిరీ అంతా మిత్తి కింద పోతుంది. అసలు ఎక్కడిదక్కడే ఉంటుంది. జ్వరమొచ్చి పడుకుంటే ఆ రోజులు మళ్లీ పద్దులోకి ఎక్కుతాయి. చదువు రాదు కనుక పుస్తకంలో ఏం రాశారో తెలియదు, కింద ఉన్న వేలిముద్ర మాత్రం తనదే. తండ్రి పోతే కొడుకు వచ్చి అదే కొట్టంలో జీతం ఉంటాడు. దీన్ని అదుపు చేయాలని స్వాతంత్ర్యానికి ముందే నిజాం ప్రభుత్వం ఒక నిబంధన తెచ్చింది. అయినా జీతగాళ్లు జీతగాళ్లుగానే మిగిలారు.

పాపం గురించి చెప్పవలసి వచ్చినప్పుడు యేసు ప్రభువు ఇలాంటి బతుకులనే గుర్తుకు తెచ్చాడు. మత్తయి సువార్త 18వ అధ్యాయంలో ఒక దాసుడు రాజుకు 10,000 తలాంతులు బాకీ ఉన్నాడు. వేగంగా చదివితే అదొక పెద్ద అంకెలా దాటిపోతుంది. నిలబడి లెక్క వేద్దాం. ఒక తలాంతు అంటే దాదాపు 6,000 దేనారాలు. ఒక దేనారం ఒక కూలివాని ఒక రోజు సంపాదన. అంటే ఆ దాసుని బాకీ 6 కోట్ల రోజుల కూలి. ఏడాదికి 300 రోజులు పని దొరికినా, తినకుండా తాగకుండా ప్రతి పైసా కట్టినా, 2 లక్షల ఏళ్లు పడుతుంది. వింటున్న రైతులకు, జాలరులకు ఈ లెక్క వెంటనే తెలిసి ఉంటుంది. అలాంటి బాకీ ఉన్నవాడు రాజు కాళ్లమీద పడి ఏమడిగాడో చూడండి. మాఫీ అడగలేదు. కొంచెం గడువిస్తే మొత్తం కట్టేస్తానన్నాడు.

నాకు ఈ ఉపమానంలో అన్నిటికంటే దుఃఖం కలిగించేది ఆ మాటే. అతను అబద్ధమాడుతున్నాడని నేననుకోను. నిజంగానే కట్టగలననుకున్నాడు. ఇంకొంచెం గడువు, ఇంకొంచెం కష్టం, ఇంకొంచెం జాగ్రత్త. వచ్చే ఏడాది నుంచి మంచిగా ఉంటాను. ఈ కోపం తగ్గించుకుంటాను. ఆ తాగుడు మానేస్తాను. ఆ సంబంధం తెంపుకుంటాను. డిసెంబరు 31 రాత్రి కూడికల్లో కన్నీళ్లతో మనం చేసే తీర్మానాలు ఆ దాసుని మాటకు ఎంత దగ్గరో! రాజు ఆ మాటను పట్టించుకోలేదు. గడువివ్వలేదు, వాయిదాలు పెట్టలేదు, మిత్తి తగ్గించలేదు. జాలిపడి మొత్తం వదిలేశాడు. అడిగినదానికీ ఇచ్చినదానికీ పోలికే లేదు.

అపొస్తలుడైన పౌలు ఇంకా కఠినంగా మాట్లాడతాడు. ఎఫెసు సంఘానికి రాస్తూ, మీరు ఒకప్పుడు మీ పాపాల్లో చచ్చినవారు అన్నాడు. రోగులు అనలేదు. రోగి మందు మింగగలడు, జీతగాడు కనీసం మోట తోలగలడు. చచ్చినవాడు ఏం చేయగలడు? అందుకే ఆ అధ్యాయంలో తిరుగుడుబోతు చేసే పనులేవో వరుసగా చెప్పి ఆగిపోలేదు పౌలు. నాలుగో వచనంలో మాట దేవునివైపు తిరుగుతుంది. అక్కడినుంచి పనులన్నీ ఆయనవే. ప్రేమించింది ఆయన, బతికించింది ఆయన, లేపింది ఆయన, కూర్చోబెట్టింది ఆయన. మనిషి చేసిన పని ఏదో ఒకటి దొరుకుతుందని ఆ వచనాల్లో వెతికితే దొరకదు. ఎనిమిదో వచనంలో విశ్వాసం వస్తుంది, దాని వెంటే ఇది మీవల్ల కలిగింది కాదన్న హెచ్చరికా వస్తుంది.

బీదర్ జిల్లా క్రైస్తవుల్లో మెథడిస్టులు చాలామంది. వారి సంఘానికి మూలపురుషుడైన జాన్ వెస్లీకి ఈ సంగతి నేర్చుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది. ఆక్స్‌ఫర్డ్‌లో ఉండగా వారానికి రెండు రోజులు ఉపవాసం. జైళ్లలో ఖైదీల పరామర్శ. బీదలకు దానం. దినచర్యను గంటల లెక్కన రాసుకుని తన ఆత్మను తానే తనిఖీ చేసుకునేవాడు. 1735లో అమెరికాలోని జార్జియాకు మిషనరీగా ఓడ ఎక్కాడు. అట్లాంటిక్ మీద తుఫాను లేచినప్పుడు అదే ఓడలోని మొరేవియన్ విశ్వాసులు, చిన్నపిల్లలతో సహా, భయం లేకుండా కీర్తనలు పాడుతుంటే చావుకు వణికిపోయినవాడు వెస్లీ. రెండేళ్ల తరువాత ఓడిపోయిన మనసుతో లండన్ చేరాడు. ఇతరులను మార్చబోయిన తనను మార్చేవారెవరని దినచర్యలో బాధపడ్డాడు. 1738 మే 24 సాయంత్రం, అంత ఇష్టం లేకుండానే ఆల్డర్స్‌గేట్ వీధిలో ఒక కూడికకు వెళ్లాడు. రోమీయులకు రాసిన పత్రికకు మార్టిన్ లూథర్ రాసిన పీఠిక ఎవరో చదువుతున్నారు. రాత్రి తొమ్మిదికి పావుగంట ముందు, క్రీస్తు తన పాపాలను, సాక్షాత్తూ తన పాపాలనే, తీసివేశాడన్న నమ్మకం అతనిలో కలిగింది.

ఆ రాత్రికి ముందు వెస్లీ చెడ్డవాడు కాడు. ఇంగ్లండు సంఘంలో అభిషేకం పొందిన గురువు, పండితుడు, క్రమశిక్షణ గలవాడు. అయినా జీతగాడే. అతని భక్తి అంతా మిత్తి కింద పోయేది. అసలు అలాగే ఉండేది. చర్చికి దూరంగా ఉన్నవారికంటే చర్చిలో పుట్టి పెరిగినవారికి ఈ సంగతి చెప్పడం కష్టం. శుక్రవారం ఉపవాస ప్రార్థన, దశమభాగం, స్త్రీల సమాజం, పాటల బృందం, క్రిస్మస్‌కు ఊరంతా తిరిగి పాడడం, ఇవన్నీ మంచివే. వాటిలో ఒక్కటి కూడా మానమని చెప్పను. కానీ ఎందుకు చేస్తున్నామో ఒంటరిగా ఉన్నప్పుడు మనకు తెలుస్తుంది. బిడ్డకు జబ్బు చేస్తుంది. వెంటనే మనసు ఖాతా తెరుస్తుంది. ఏ పాపానికి ఇది? కానుక తక్కువ వేశానా? మొక్కుబడి మరిచానా? అప్పుడు ఇంకో ఉపవాసం పెట్టుకుంటాం. ఆ ఉపవాసం తండ్రి దగ్గర మొర పెట్టుకోవడానికైతే ఎంత మంచిది! వాయిదా కట్టడానికైతే, మనం ఇంకా కొట్టంలోనే ఉన్నాం.

మన దేశంలో 1975లో ఒక చట్టం పుట్టింది. ముందు ఆర్డినెన్స్‌గా వచ్చి, 1976లో పార్లమెంటు చట్టమై, 1975 అక్టోబరు 25 నుంచే అమలులో ఉన్నట్టు లెక్కకు వచ్చింది. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం అది. దేశం నలుమూలలా ఈ చాకిరీకి ఉన్న పేర్లను వెతికి ఆ చట్టంలో వరుసగా రాశారు. భాగేలా ఉంది, జీత ఉంది, పాలేరు ఉంది, వెట్టి ఉంది. మన తాతల బతుకులన్నీ ఆ ఒక్క వాక్యంలో ఉన్నాయి. చట్టం ఏం చెప్పిందంటే, అమలులోకి వచ్చిన క్షణంనుంచి ఆ అప్పులన్నీ రద్దు. తగ్గించడం కాదు, వాయిదా వేయడం కాదు. వాటి కోసం కోర్టులో దావా వేయకూడదు. ఇంతకుముందే కోర్టు తీర్పిచ్చి ఉంటే, ఆ తీర్పు పూర్తిగా చెల్లినట్టే భావించాలి. ఆ అప్పు కింద తాకట్టులో ఉన్న ఆస్తి తిరిగి జీతగానిది కావాలి. జీతం ఉన్నందుకు ఇచ్చిన గుడిసె జాగా నుంచి అతన్ని వెళ్లగొట్టకూడదు.

ఇంకో నియమం కూడా ఉంది, నన్ను ఆపి నిలబెట్టేది అదే. రద్దయిన ఆ అప్పు కింద దొర ఏమైనా పుచ్చుకుంటే అది నేరం. మూడేళ్ల దాకా జైలు పడవచ్చు. జీతగాడు తానే వచ్చి, అయ్యా ఇదిగో ఈ యేటి మిత్తి అని చేతిలో పెట్టినా తీసుకోకూడదు. గలతీ సంఘాలకు రాసిన పత్రికలో పౌలు గొంతు అంత ఎందుకు పెరిగిందో నాకు ఇక్కడ అర్థమవుతుంది. ఆ విశ్వాసులు క్రీస్తును కాదనలేదు. ఆయనతోపాటు సున్నతి కూడా ఉంటే మంచిదన్నారు, అంతే. ధర్మశాస్త్రం వల్ల నీతి దొరికేదైతే క్రీస్తు మరణం వృథా అని పౌలు ఆ పత్రిక రెండో అధ్యాయంలో తేల్చేశాడు. సిలువ తరువాత దేవుడు పాపానికి మననుంచి వెల పుచ్చుకోడు. పుచ్చుకుంటే తన కుమారుని మరణం చాలలేదని ఆయనే ఒప్పుకున్నట్టు అవుతుంది.

ఇక విశ్వాసం సంగతి. ఆ చట్టం వచ్చిన తరువాత కూడా దేశంలో ఎంతోమంది మరునాడు తెల్లవారకముందే లేచి దొర కొట్టానికే వెళ్లారు. కొందరికి కబురు అందలేదు. కొందరికి అందింది, నమ్మలేదు. తరతరాల అప్పును ఎక్కడో ఢిల్లీలో ఎవరో కాగితం మీద రాసి తీసేయడమా? కొందరు నమ్మారు కానీ భయపడ్డారు. వారి అప్పు రద్దు కాలేదా? అయింది. చట్టం ముందు వారు స్వతంత్రులే. అయినా పేడ తీస్తూనే ఉన్నారు. విన్నది నిజమని నమ్మి, ఆ తెల్లవారుజామున కొట్టానికి పోకుండా ఇంట్లోనే నిలబడిపోయినవాడు ఏ డబ్బూ కట్టలేదు. అతని నమ్మకం అప్పు తీర్చలేదు. అప్పు తీరిందన్న మాట మీద అతను నిలబడ్డాడు, అంతే. కృపచేత విశ్వాసం ద్వారా రక్షణ అని పౌలు అన్నప్పుడు విశ్వాసానికి ఇచ్చిన చోటు ఇదే.

ఈ మాట ఇప్పుడు గట్టిగా చెప్పవలసి వస్తోంది. విశ్వాసాన్నే కొత్త నాణెంగా మార్చే బోధ మన మధ్య చాలా వినిపిస్తోంది. స్వస్థత రాకపోతే నీ విశ్వాసం చాలలేదంటారు. ఉద్యోగం దొరకకపోతే ఇంకా నమ్మాలంటారు. అప్పటికే కుంగిపోయిన తల్లి మీద ఇంకో బాకీ రాస్తారు. ఇది సువార్త కాదు. మార్కు సువార్త 9వ అధ్యాయంలో బిడ్డ జబ్బుతో వచ్చిన తండ్రి తన నమ్మకంలో సగం అపనమ్మకమే ఉందని కన్నీళ్లతో ఒప్పుకున్నాడు. ప్రభువు అతన్ని ఇంటికి పంపి, నమ్మకం నిండాక రమ్మనలేదు. ఆ బిడ్డను బాగుచేశాడు. విశ్వాసం ఎంత ఉందో కొలుచుకుంటూ కూర్చున్నవాడు క్రీస్తును చూడడం మానేసి మళ్లీ తన ఖాతానే చూసుకుంటున్నాడు.

చట్టంతో పోలిక ఇక్కడిదాకే సాగుతుంది. చట్టం పద్దు కొట్టేసినప్పుడు ప్రభుత్వం తన చేతినుంచి ఏమీ పోగొట్టుకోలేదు. నష్టపోయింది దొర, అదీ ఇష్టం లేకుండా. కలువరిలో బాకీ రావలసినవాడే తన ఇష్టంతో దాన్ని భరించాడు. మన మీద ఉన్న పత్రాన్ని దేవుడు తుడిచి, అడ్డం తీసి, సిలువకు కొట్టాడని కొలొస్సయులకు రాసిన పత్రిక చెబుతుంది. ఆ పత్రంలో రాసినది అబద్ధమైతే తుడవడం తేలిక.

బీదర్ చరిత్రలో ఒక అబద్ధపు పత్రం ఉంది. అక్కడ గొప్ప మదర్సా కట్టించిన బహమనీ వజీరు మహమూద్ గవాన్ మీద గిట్టనివారు కుట్ర పన్నారు. అతని ముద్ర ఖాళీ కాగితం మీద వేయించి, ఒడిశా గజపతిని దండెత్తి రమ్మన్నట్టు ఉత్తరం పుట్టించారు. 1481లో సుల్తాను కొండపల్లిలో విడిది చేసి ఉండగా ఆ ఉత్తరం చూపించి నిలదీశాడు. ముద్ర తనదేనని, రాత తనది కాదని గవాన్ చెప్పాడు. వినకుండా అక్కడే తల తీయించాడు. తరువాత నిజం తెలిసి సుల్తాను కుమిలిపోయాడు. కానీ పోయిన ప్రాణం రాలేదు. మన మీద ఉన్న పత్రం అలాంటిది కాదు. ముద్రా మనదే, రాతా మనదే. నేను అన్న మాట, చేసిన మోసం, చూసీ చూడనట్టు దాటిపోయిన ఆకలి, మనసులో ఎవరి మీదో కోరుకున్న చెడు, ఒక్కటి కూడా ఎవరో పుట్టించినది కాదు. నేరం మోపడానికి ఏమీ దొరకని యేసు ఆ నిజమైన పత్రాన్ని తన మీదికి తీసుకున్నాడు. ఆయనకు ఏమీ తెలియక జరిగింది కాదు. గెత్సేమనే తోటలో చెమట కారుస్తూ, తప్పించుకోగలిగి ఉండి, తండ్రి చిత్తానికి ఒప్పుకున్నాడు. దేవుని కృప ఉచితం అన్నప్పుడు మన గొంతు వణకాలి. మనకు ఉచితం. ఆయనకు కాదు.

ఉచితంగా వచ్చినదాన్ని బేరం చేయకూడదని మన తెలుగుదేశంలో ఒకాయన చేతలతో చూపించాడు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లఫ్ ఒంగోలులో పనిచేస్తుండగా 1876–78 కరువు వచ్చింది. ప్రజలు ఆకలితో చస్తున్నారు. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పనిని కాంట్రాక్టుకు తీసుకుని, వేలాది పేదలకు, ముఖ్యంగా మాదిగలకు, పని, కూలి దొరికేలా చూశాడు. ఆ రోజుల్లో గుంపులు గుంపులుగా బాప్తిస్మం అడిగారు. క్లఫ్ ఇవ్వలేదు. కరువు సాయం సాగినంతకాలం ఆపేశాడు. తిండికీ బాప్తిస్మానికీ లంకె పడితే అది మళ్లీ ఒక పద్దు అవుతుంది కదా. సాయం ఇక ఉండదని చెప్పాడు. అయినా వారు వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను మనం గర్వంగా చెప్పుకుంటాం. దానికి ముందున్న ఎదురుచూపును ఎక్కువగా చెప్పుకోవాలని నా కోరిక. ఎవరి ఆకలినైనా, జబ్బునైనా అడ్డం పెట్టుకుని సువార్త చెప్పేవాడు కృపను అమ్ముతున్నాడు.

ఖాతా పుస్తకం పట్టుకున్నవాని సంగతేమిటి? అతనికీ రక్షణ ఉందా? లూకా సువార్త 19వ అధ్యాయంలో జక్కయ్య ఉన్నాడు. యెరికోలో పన్నుల గుత్తేదారుల పెద్ద, ఊరి అసహ్యం మూటగట్టుకున్నవాడు. ప్రభువు చెట్టు కింద నిలబడి పేరు పెట్టి పిలిచి, ఈ రోజు నీ ఇంట్లోనే ఉంటానన్నాడు. ముందు దోచినది తిరిగి ఇచ్చేసి రా, అప్పుడు చూద్దాం అనలేదు. భోజనానికి వచ్చాడు. అప్పుడు జక్కయ్య లేచి తన ఆస్తిలో సగం బీదలకిస్తానని, మోసం చేసిన చోట నాలుగింతలు కడతానని చెప్పాడు. ఇక్కడ ఏది ముందు, ఏది వెనుక అనేది చాలా ముఖ్యం. నాలుగింతలు కట్టినందుకు ప్రభువు రాలేదు. ప్రభువు వచ్చినందుకు నాలుగింతలు కట్టబుద్ధయింది. అయితే ప్రభువు వచ్చాడని చెప్పుకుంటూ పైసా కూడా తిరిగివ్వని జక్కయ్యలను నేను నమ్మలేను.

అతిశయపడడానికి ఎవరికీ ఏమీ మిగలకూడదనే రక్షణ కృపవల్ల వచ్చిందని ఎఫెసీ పత్రిక 2వ అధ్యాయం తొమ్మిదో వచనం చెబుతుంది. దొరా జీతగాడూ ఒకే చాప మీద కూర్చోవలసింది అందుకే. బీదర్‌లోనైనా, మెదక్‌లోనైనా, ఒంగోలులోనైనా మొదట ఈ సువార్తను ఆబగా అందుకున్నవారు ఊరి చివర నెట్టివేయబడినవారు. వారి మనుమలమైన మనం పెళ్లి సంబంధాల దగ్గర మళ్లీ కులం అడుగుతున్నాం. బల్ల దగ్గర ఒకే పాత్రలోనిది తాగి, బయటికి వచ్చాక ఎవరి వాడకు వారం పోతున్నాం. ఇది చిన్న లోపం కాదు. దేవుడు కొట్టేసిన పద్దును మన చేతులతో తిరగరాయడం.

మత్తయి సువార్తలోని ఆ దాసుడూ అదే చేశాడు. 6 కోట్ల రోజుల కూలి మాఫీ అయి బయటికి వచ్చిన నిమిషానికే, తనకు 100 దేనారాలు బాకీ ఉన్న తోటి దాసుని గొంతు పట్టుకున్నాడు. 100 దేనారాలు తక్కువ సొమ్ము కాదని గమనించండి. మూడు నెలలకు పైగా రెక్కల కష్టం. మనకు ఇతరులు చేసిన అన్యాయం అబద్ధమనీ, అది నొప్పి కాదనీ ప్రభువు చెప్పడం లేదు. అన్న కాజేసిన పొలం గట్టు నిజం. నమ్మి ఇస్తే ఎగ్గొట్టిన చేబదులు నిజం. నిండు కూడికలో పడిన నింద నిజం. ఆ నొప్పిని పక్కనున్న పెద్ద లెక్కతో కలిపి చూడమంటున్నాడు. అలాగని కూలివాని కడుపుకొట్టి, క్షమించడం నీ ధర్మం కదా అనేవాడికి ఈ ఉపమానంలో చోటు లేదు. కూలి ఎగ్గొట్టిన పొలంలో కోతకోసినవారి మొర దేవుని చెవిన పడిందని యాకోబు తన పత్రిక 5వ అధ్యాయంలో రాశాడు. క్షమించవలసినవాడు బాధపడినవాడు. బాధపెట్టినవాడు జక్కయ్యలా లేచి నిలబడాలి.

విడుదలైన జీతగాళ్ల గురించి ఒక సంగతి వారి మధ్య పనిచేసినవారందరికీ తెలుసు. అప్పు రద్దయినంత మాత్రాన సరిపోదు. వంచుకున్న నడుముతో ఊళ్లోకి వచ్చినవాడికి దున్నుకోవడానికి ఇంత జాగా, చేతికి ఒక పని, పిల్లలకు బడి, పక్కన నిలబడే నలుగురు మనుషులు కావాలి. లేకపోతే ఆకలి అతన్ని మళ్లీ అదే కొట్టానికి నడిపిస్తుంది. ఎఫెసీ పత్రిక రెండో అధ్యాయంలో పౌలు తొమ్మిదో వచనంతో కలం ఆపి ఉంటే మనకూ అదే గతి పట్టేది. పదో వచనంలో, మనం చేయవలసిన మంచి పనులను దేవుడు ముందే సిద్ధం చేసి ఉంచాడని రాశాడు. అవి బాకీ తీర్చే పనులు కావు. కొడుకు తన ఇంటి పొలంలో చేసుకునే పనులు. అదే పొద్దు, అదే చెమట కావచ్చు, కానీ చేస్తున్నవాడు వేరు. తాగుడు మానినవాడు మళ్లీ జారితే, అతని విడుదల పత్రం చిరిగిపోలేదని గుర్తుచేసి లేపవలసినవాళ్లం మనమే. సంఘం ఆ పనికే ఉంది.

ప్రార్థన: తండ్రీ, నీవు కొట్టేసిన దాన్ని రోజూ తిరిగి లెక్కపెట్టుకుంటున్నవాళ్లం. నీ కుమారుని వెల చాలదన్నట్టు మా చిల్లర తెచ్చి నీ ముందు పెడుతున్నాం. దాన్ని మా చేతుల్లోనే ఉంచి ఆకలితో ఉన్నవారివైపు మమ్మల్ని తిప్పు. కమలనగర్ చుట్టూ ఉన్న పల్లెల్లో, ఇటుక బట్టీల్లో, చెరకు కోతలకు వలసపోయిన గుడిసెల్లో ఇంకా అడ్వాన్సు కింద నలిగే మా అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు చట్టమిచ్చిన విడుదలా దొరకాలి, నీవిచ్చిన విడుదలా దొరకాలి. వారి ఖాతాలు పట్టుకున్నవారిని జక్కయ్యను పిలిచినట్టు పేరు పెట్టి పిలువు. ఈ రోజు ఎవరి గొంతు మీద మా చెయ్యి ఉందో మాకు చూపించి, ఆ చెయ్యి తీయించు. యేసు నామంలో అడుగుతున్నాం తండ్రీ. ఆమేన్.